టైప్ రాయకపోయినా వెక్టర్‌కి ఎలా తెలిసింది?

ప్రశ్న: సి++ ప్రోగ్రామ్‌లో వెక్టర్ (విలువల వరుస) పక్కన దాని టైప్ ఇంట్ (పూర్ణాంకం) అని రాయడం మర్చిపోయాను. బ్రేసుల్లో 1, 2, 3 ఇచ్చానంతే. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా రన్ అయింది. కాలేజీ ల్యాబ్‌లో మాత్రం 'మిస్సింగ్ టెంప్లేట్ ఆర్గ్యుమెంట్స్' అని ఎర్రర్ వస్తోంది. నా కోడ్ తప్పా? టైప్ లేదంటే ఇది పైథాన్ లిస్టులాంటిదేనా?
– ఒక బీటెక్ విద్యార్థి

జవాబు: కోడ్ తప్పు కాదు, టెన్షన్ పడకండి. ఇచ్చిన విలువలను బట్టి కంపైలరే టైప్ తేల్చుకునే సదుపాయం సి++17తో (ఆ భాష 2017 స్టాండర్డ్‌తో) వచ్చింది. జీసీసీ అనే కంపైలర్‌లో 7వ వెర్షన్ నుంచే ఉన్నా, 10 వరకూ డిఫాల్ట్ స్టాండర్డ్ సి++14. 11 నుంచి 17 అయింది. ల్యాబ్‌లో జీసీసీ 7 నుంచి 10 లోపుదైతే, కంపైల్ చేసేటప్పుడు సి++17 ఆప్షన్ ఇస్తే సరిపోతుంది. ఇంకా పాతదైతే టైప్ రాయక తప్పదు.

పైథాన్ లిస్టులో ఏ టైప్ విలువనైనా వేయొచ్చు, దానికీ దీనికీ పోలిక లేదు. మీది ప్రోగ్రామ్ రన్ కాకముందే ఇంట్ వెక్టర్‌గా ఖాయమైపోయింది. అందులో స్ట్రింగ్ వేస్తే కంపైల్ కాదు. 2.5ని పుష్‌బ్యాక్ చేస్తే (చివర చేరిస్తే) మాత్రం ఎర్రర్ రాదు, 2 మాత్రమే మిగులుతుంది! మార్కుల సగటు లెక్కేసే ప్రోగ్రామ్‌లో ఇలా జరిగితే తప్పెక్కడుందో పట్టుకోవడం చాలా కష్టం. మొదటి విలువలన్నీ 1.0, 2.0 అని ఇస్తే డబుల్ వెక్టర్ అవుతుంది. 1, 2.5 కలిపి ఇస్తే ఏ టైపో తేలక కంపైలర్ ఆగిపోతుంది.

పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డబుల్ కోట్స్‌లో "రాము", "సీత" అని ఇస్తే మీరు స్ట్రింగ్‌ల వెక్టర్ అనుకుంటారు. కంపైలర్ తేల్చేది కాన్‌స్ట్ క్యార్ పాయింటర్ల (అక్షరాలున్న చోటు చూపే అడ్రసుల) వెక్టర్. ఒక పేరు మీద సైజ్ ఫంక్షన్ పిలవగానే ఎర్రర్ వస్తుంది. ఇలాంటి చోట టైప్ స్పష్టంగా రాసేయడమే మంచిదని నా అభిప్రాయం. రెండు అక్షరాలు తక్కువ టైప్ చేయడం కోసం ఈ తలనొప్పి ఎందుకు?

పెయిర్ (రెండు విలువల జత), టపుల్ (కొన్ని విలువల కట్ట) లాంటి వాటికైతే నిశ్చింతగా వాడండి, అక్కడ నిజంగానే కోడ్ శుభ్రంగా కనిపిస్తుంది. ఇంకొకటి: ఉన్న వెక్టర్‌ని బ్రేసుల్లో పెట్టి కొత్త వెక్టర్ చేస్తే దాని కాపీ వస్తుంది. అదే రెండు వెక్టర్లు పెడితే వెక్టర్ల వెక్టర్ అవుతుంది. ఖాళీ వెక్టర్‌కి మాత్రం చూసి తేల్చడానికి విలువలే ఉండవు కాబట్టి, టైప్ మీరే రాయాలి.