18 అడుగుల బోటుకి కరెంటు డౌన్‌రిగ్గర్ పెట్టొచ్చా?

అమెరికాలోని మిషిగన్ సరస్సులో సాల్మన్ చేపలు పట్టడానికి 18 అడుగుల అల్యూమినియం బోటు కొన్నానని, చేత్తో తిప్పే డౌన్‌రిగ్గర్ చాలా లేక కరెంటుది కొనాలా అని ఒకరు అడిగారు. డౌన్‌రిగ్గర్ అంటే గాలం ఎరని బరువు గుండుతో లోతుకి దించే చక్రం. నేను గ్రాండ్ రాపిడ్స్‌లో ఉంటాను. లడింగ్టన్ రేవు నుంచి ఆరు సీజన్లుగా వెళ్తున్నాం, మా బావమరిదీ నేనూ. మొదటి రెండేళ్ళు చేత్తో తిప్పాం, తర్వాత మోటారుది పెట్టుకున్నాం. కరెంటుదే కొనండి. కాకపోతే దానికన్నా ముందు బ్యాటరీకీ బిగింపుకీ డబ్బు పక్కన పెట్టుకోండి.

ఇది చదివే మిగతావాళ్ళకి ఒక మాట. సాల్మన్‌ని ట్రోలింగ్ చేసి పడతాం. ట్రోలింగ్ అంటే మన విశాఖ ట్రాలర్లు వల ఈడ్చినట్టు కాదు. బోటు మనిషి నడిచేంత వేగంతో పోతుంటే వెనకాల గాలం లాక్కెళ్ళడం, అంతే. జులై, ఆగస్టుల్లో పైనీళ్ళు వేడెక్కుతాయి. చినూక్ సాల్మన్‌కి 12 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల నీళ్ళు ఇష్టం, ఆ చల్లటి పొర కోసం 70, 90 అడుగుల లోతుకి దిగిపోతుంది. పల్చటి రేకు ఎర అంత లోతుకి తనంతట తాను పోదు. అందుకే పది పౌండ్ల సీసం గుండుని ఉక్కు తీగకి కట్టి దించుతాం. గుండు దగ్గరున్న క్లిప్పుకి గాలం దారం తగిలిస్తాం. చేప గుంజగానే దారం క్లిప్పులోంచి ఊడి, వంగి ఉన్న రాడ్ ఒక్కసారి నిటారుగా లేస్తుంది. ఆ దృశ్యం కోసమే తెల్లవారుజామున మూడింటికి లేచి బయల్దేరతాం.

చేతి దాంతో 90 అడుగుల నుంచి గుండు లాగాలంటే ఒక్కో తిప్పుకి అడుగో రెండడుగులో వస్తుంది. భుజం నొప్పి సంగతి సరే, ఇబ్బందంతా చేప పడ్డాకే. రాడ్ ఒకళ్ళు పట్టుకుంటారు. రెండోవాళ్ళు చుక్కాని చూసుకోవాలి, వల గరిటె అందుకోవాలి, చేప తీగకి చుట్టుకోకుండా గుండ్లు పైకి లాగాలి. ఉన్నవి రెండు చేతులు! మోటారుదైతే బటన్ నొక్కి వదిలేస్తే గుండు దానంతటదే వచ్చేస్తుంది. ఇద్దరే వెళ్ళేవాళ్ళకి అసలు సుఖం ఇదే.

ఇక నేను చేసిన తప్పులు. మొదటి ఏడాది డౌన్‌రిగ్గర్లని ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీకే కలిపాను. పొద్దుటి నుంచి మెల్లగా పోవడానికి పెట్టుకునే చిన్న మోటారు, కిక్కర్ మీద తిరిగాం, గుండ్లు పాతికసార్లైనా ఎక్కించి దించి ఉంటాం, నీళ్ళ కింద చేపల్ని చూపే సోనార్ ఎలాగూ నడుస్తూనే ఉంది. మధ్యాహ్నం గాలి లేచింది, ఇంటికి పోదామని పెద్ద ఇంజను తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంది. చిన్న మోటారు చేసే ఛార్జింగ్ ఏ మూలకీ సరిపోలేదన్నమాట. ఆ కిక్కర్ మీదే అలల్లో దేక్కుంటూ రేవు చేరేసరికి బావమరిది ముఖంలో రక్తం లేదు. ఇప్పుడు డౌన్‌రిగ్గర్లకి వేరే డీప్ సైకిల్ బ్యాటరీ, అంటే చాలాసేపు కరెంటిచ్చే రకం, ఉంది. వైరు లావుదే వేయండి, బ్యాటరీ దగ్గరే బ్రేకర్ పెట్టండి. సన్న వైరు వేస్తే వోల్టేజి పడిపోయి మోటారు మూలుగుతుంది.

రెండో తప్పు. నా డౌన్‌రిగ్గర్లో తీగ మీద ఒక పూస ఉంటుంది. గుండు పైకొచ్చాక పూస తగిలి మోటారు ఆగుతుంది. తీగ చివర చిక్కుపడితే కోసి మళ్ళీ కట్టాను, పూసని సరైన చోటికి జరపడం మర్చిపోయాను. బటన్ నొక్కి చేప వైపు తిరిగాను. గుండు వచ్చి కప్పీకి గుద్దుకుంది, తీగ తెగింది, పది పౌండ్ల సీసం సరస్సు పాలు. ఆటోమేటిక్ అని రాసి ఉన్నా సరే, సీజన్ మొదట్లో ఒకసారి మెల్లగా లాగి ఎక్కడ ఆగుతుందో కళ్ళతో చూసుకోండి.

బిగింపు గురించి రేవులో ఒక పెద్దాయన చెప్పేదాకా నాకు తట్టలేదు. గుండు బరువు పదే పౌండ్లు కావచ్చు, అది అడుగున రాయికో మునిగిన దుంగకో పట్టుకుంటే బోటు మొత్తం ఆ బూమ్ (తీగని బోటు బయటికి చాపే కడ్డీ) మీద వేలాడుతుంది. అల్యూమినియం అంచుకి ఊరికే స్క్రూలు కొట్టకండి, కింద మందపాటి పలక పెట్టి బోల్టులు బిగించండి. ఎక్కడైనా పట్టుకుంటే వెంటనే వేగం తీసేసి తీగ వదులు చేయండి, తిరిగి గుండు మీదికి వెళ్ళండి. తీగ కోసే కటింగ్ ప్లయర్ చేతికందే చోటే ఉండాలి. డబ్బాలో అడుగున పెట్టిన ప్లయర్ లేనట్టే లెక్క.

డౌన్‌రిగ్గర్ మీదుండే కౌంటర్ చెప్పే అంకెని పూర్తిగా నమ్మకండి. అది విడిచిన తీగ పొడవు, గుండు లోతు కాదు. నీటి ఒరిపిడికి తీగ వెనక్కి వాలుతుంది. 30 డిగ్రీలు వాలిందంటే 100 అడుగుల తీగకి లోతు 87 అడుగులే. మేం గంటకి రెండున్నర మైళ్ళ దగ్గర పోతాం, అలలుంటే బరువు గుండు వేస్తాం. చేపలు 80లో ఉంటే ఎర 80 కన్నా కాస్త పైన ఉన్నా ఫర్వాలేదు, సాల్మన్ పైకి చూసి కొడుతుంది. కింద ఉంటే మాత్రం దండగ.

లోతు ఎంచుకోవడానికి సోనార్‌లో చిన్న చేపల మబ్బులు వెతకండి. అసలు ఈ సాల్మన్ ఇక్కడిది కాదు. అలెవైఫ్ అనే చిన్న చేపలు తామరతంపరగా పెరిగిపోతే వాటిని తినడానికని 1966లో కోహో అనే మరో రకం సాల్మన్‌ని, 1967లో చినూక్‌ని తెచ్చి వదిలారు. అలెవైఫ్ ఎక్కడుంటే సాల్మన్ అక్కడే. ఉత్తరపు గాలి రెండ్రోజులు వీస్తే మా వైపు, అంటే తూర్పు ఒడ్డు దాకా చల్లనీళ్ళు ఎగదన్నుకొస్తాయి. అలాంటప్పుడు 30 అడుగుల్లోనే దొరుకుతాయి, మోటారుతో పనే లేదు.

మిషిగన్ రాష్ట్రంలో మనిషికి మూడు గాలాలు వేసుకోనిస్తారని ఆరూ వేసేయకండి. మొదటేడాది రెండు చాలు. మలుపులు వెడల్పుగా తిప్పండి, లేకపోతే తీగలు పెనవేసుకుంటాయి. పావుగంటకోసారి దారం చూడండి. చిన్నపిల్ల చేప పడితే క్లిప్పు ఊడదు, పాపం అలాగే ఈడ్చుకుపోతుంటాం. వేసవి చివర్లో స్పైనీ వాటర్ ఫ్లీ అనే ముళ్ళున్న చిన్న నీటి జీవులు దారానికి తడిసిన దూదిలా పట్టేసి రాడ్ కొసలో ఇరుక్కుంటాయి, లావు దారం వేస్తే కొంత నయం.

మీ కిక్కర్ ఎన్ని ఆంపియర్లు ఛార్జ్ చేస్తుందో మాన్యువల్లో చూసి ఇక్కడ రాయండి. దాన్ని బట్టి ఎంత బ్యాటరీ కావాలో చెప్తాను.