కోడ్ చూసి ఈజీఆర్ వాల్వ్ కొనకండి

ప్రశ్న: మాది 2010 మోడల్ డీజిల్ కారు. ఎక్కువగా హన్మకొండ, కాజీపేట మధ్యే తిరుగుతుంది. స్లోలో వణుకుతోంది, పికప్ తగ్గింది, నల్లపొగ వస్తోంది. స్కానర్ పెడితే పీ0402 కోడ్ వచ్చింది. ఈజీఆర్ వాల్వ్ ఇంట్లో మార్చుకోవచ్చా? రేకు పెట్టి మూసేస్తే చాలని కొందరంటున్నారు.
- ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మార్చుకోవచ్చు. ఇంజిన్ పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకే పంపే కవాటమే ఈజీఆర్ వాల్వ్. కానీ ఆ కోడ్ వచ్చినంత మాత్రాన వాల్వ్ పోయినట్టు కాదు. సైలెన్సర్ వైపు పోవాల్సిన పొగ ఇంజిన్‌లోకి ఎక్కువగా తిరిగొస్తోందని కంప్యూటర్ వేసిన అంచనా అది. చాలా డీజిల్ కార్లలో ఆ లెక్క లోపలికి పోయే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్‌ను బట్టే వేస్తుంది. సెన్సర్‌కు మురికి పట్టినా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా ఇదే కోడ్ రావచ్చు. ముందు ఆ రెండూ చూడండి.

వాల్వ్ విప్పేముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. ముందురోజు రాత్రే బోల్టులకు తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచండి. పొద్దున బ్యాటరీ నెగటివ్ వైరు తీసి పని మొదలుపెట్టండి. బిగుసుకున్న బోల్టును ఒక్క ఊపున తిప్పొద్దు. పావు చుట్టు విప్పి, కాస్త బిగించి, మళ్లీ విప్పాలి. తెగిందంటే డ్రిల్ వేయించడానికి వర్క్‌షాపుకు పోవాల్సిందే. వాల్వ్‌కు కూలర్, నీళ్ల పైపులు కలిసి ఉంటే కూలెంట్ ముందే దించండి.

బయటికి తీశాక మోటారు భాగం పైకి ఉండేలా పట్టుకుని, కింది పిన్నుకు, అది ఆనుకుని మూసుకునే సీటుకు కార్బ్ క్లీనర్ (కార్బురేటర్ మసి వదిలించే స్ప్రే) కొట్టి పాత టూత్‌బ్రష్‌తో మసి వదిలించండి. సీటు మీద గుంటలు లేకుండా, పిన్ను నొక్కి వదిలితే దానంతటదే మూసుకుంటే, చాలాసార్లు పాత వాల్వే పనికొస్తుంది. లేదంటే దాని మీది పార్టు నంబరు చూసే కొత్తది తెచ్చుకోండి. గాలి లోపలికి పోయే ఇన్‌టేక్ దారిలో మసి గీకేటప్పుడు లోపలికి గుడ్డ కుక్కండి. పెళ్లలు సిలిండర్‌లో పడితే చేటు పెద్దది.

వాల్వ్‌కు, ఇంజిన్‌కు మధ్య ఉండే గాస్కెట్ మాత్రం తప్పకుండా కొత్తదే వేయాలి. బోల్టులు ముందు చేత్తో ఎక్కించి, ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించండి. ఎంత బిగించాలో కారు మాన్యువల్ చెబుతుంది. మర మందం 8 మిల్లీమీటర్లు (తల సైజు కాదు) ఉన్న బోల్టుకు మామూలుగా 20-25 న్యూటన్ మీటర్లు. తర్వాత స్కానర్‌తో కోడ్ చెరపండి. కొన్ని కార్లలో కొత్త వాల్వ్ మూసుకునే స్థానాన్ని కంప్యూటర్‌కు నేర్పించాలి కూడా.

రేకు పెట్టే ఆలోచన మానుకోండి. పొగ తగ్గినట్టే కనిపిస్తుంది గానీ, సిలిండర్‌లో వేడి పెరిగి నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువవుతాయి. డీజిల్ కారు పొల్యూషన్ పరీక్షలో కొలిచేది పొగ చిక్కదనమే, కాబట్టి సర్టిఫికెట్ వచ్చినా ఆ విషం బయటపడదు. పీల్చేది మాత్రం మనమూ మన పిల్లలూ. మసి త్వరగా పేరుకోకుండా అప్పుడప్పుడు జనగామ రోడ్డు మీద అరగంటకు పైగా ఒకే వేగంతో నడపండి.

ప్రశ్న: మా పాత పెట్రోల్ కారు ఈజీఆర్ వాల్వ్‌కు కరెంటు వైరు లేదు, రబ్బరు గొట్టమే ఉంది. దాన్ని ఎట్ల పరీక్షించాలి?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఇంజిన్ స్లోలో ఉండగా ఆ గొట్టం పీకి, వాల్వ్‌కు చేతి వాక్యూమ్ పంపు తగిలించి లాగండి. ఇంజిన్ తడబడినా, ఆగిపోయినా వాల్వ్ తెరుచుకుంటోంది, దారి బాగుంది. వాక్యూమ్ నిలిచినా ఇంజిన్‌లో మార్పు లేకపోతే పిన్ను ఇరుక్కుంది, లేదా దారి మసితో మూసుకుపోయింది, శుభ్రం చేస్తే చాలు. వాక్యూమ్ నిలవకపోతే లోపలి రబ్బరు పొర చిరిగినట్టే, వాల్వ్ మార్చండి.