అన్న వెంట తిరుగుతున్న మా అబ్బికి

అబ్బీ,

మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు మైదుకూరులో ఎవరో లీడరన్న వెంట తిరుగుతున్నావని, షాపు తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువయ్యాయని ఒకటే బాధ. తిరగొద్దని నేను చెప్పను. ఒక మనిషిని నమ్మి వెంట నడవడం తక్కువ పనేం కాదు.

బ్రహ్మంగారి మఠం మనకు దగ్గరే కదా, సిద్ధయ్య కథ ఒకసారి తల్చుకో. దూదేకుల ముస్లింల ఇంట పుట్టినవాడు, ఇంట్లోవాళ్లు వద్దన్నా, నవాబు పిలిపించి నిలదీసినా గురువును వదల్లేదంటారు. అందరికీ అంతవరకే గుర్తుంటుంది. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాతది. సమాధిలోకి పోయే రోజు బ్రహ్మంగారు ఆయన్ను పూలకోసం బనగానపల్లెకు పంపారట, తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది, సిద్ధయ్య పడి పడి ఏడ్చాడు. అప్పుడు మళ్లీ కనిపించి కూడా గురువు "నా సమాధి దగ్గరే కూర్చో" అనలేదు, దండమూ పాదుకలూ ఇచ్చి, పెళ్లి చేసుకొని బతుకు, నలుగురికి జ్ఞానం చెప్పు అని పంపాడని కథ. ముడుమాలలో సిద్ధయ్య మఠం ఇప్పటికీ ఉంది.

మీ అన్న దగ్గర నువ్వు చూడాల్సింది ఇదే. ఆయన వెంట ఉండి ఏమన్నా నేర్చుకుంటున్నావా? అర్జీ ఎట్లా రాయాలి, పింఛను ఆగిపోయిన ముసలమ్మను ఏ ఆఫీసుకు తీసుకుపోవాలి, ఇవన్నీ నేర్పుతుంటే సంతోషంగా పో. అట్లా కాకుండా ఫ్లెక్సీలో నీ ఫోటో వేయించి, రాత్రిపూట "బండెక్కు" అంటే ఎక్కడికన్నా అని అడిగే వీలు లేకపోతే మాత్రం ఆ రోజే ఇంటికి వచ్చెయ్. ఆ ఒక్క మాట అడగకుండా ఎక్కి జైలుకు పోయినోళ్లను మన సీమలో నేను చూశాను, వాయిదాలకు తిరగలేక పొలాలు అమ్ముకున్న వాళ్ల తల్లులనూ చూశాను.

ఆయన తప్పు చేస్తే పదిమందిలో అనొద్దు, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు. మంచివాడైతే నిన్ను ఇంకా దగ్గరికి తీస్తాడు. ఖాళీ కాగితం మీద సంతకం, ఆయన కోసం నీ పేరు మీద అప్పు, రెండూ వద్దు. షాపు మాత్రం పొద్దున్నే తెరువు, నీ కూడు నువ్వు సంపాదించుకుంటేనే ఆయన ముందు "వద్దన్నా" అనే ధైర్యం వస్తుంది.

ఈసారి కలిసినప్పుడు మన ఊరి బడికి నీళ్ల సంగతి అడుగు. ఏమన్నాడో, ఏ మొహం పెట్టి అన్నాడో నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దనాయన