అమెరికాలో నల్లజాతి రైతుల భూములు ఎందుకు చేజారాయి?

ముఖ్యంగా అప్పుల మంజూరులో వివక్ష వల్ల, వీలునామా లేని వారసత్వపు చిక్కుల వల్ల. 1910 నాటికి వాళ్లకు సుమారు కోటిన్నర ఎకరాలుండేవి, తర్వాత అందులో అత్యధిక భాగం పోయింది. అప్పట్లో వ్యవసాయ శాఖ రుణాల్లో స్థానిక కౌంటీ (మన జిల్లా లాంటిది) కమిటీలదే పెత్తనంగా ఉండేది, వాటిలో దాదాపు అందరూ తెల్లవాళ్లే ఉండేవారు. విత్తనాల కోసం అడిగిన అప్పు అదును దాటాక చేతికొస్తే ఏం లాభం? పంట పోయేది, బాకీ పెరిగేది, పొలం వేలానికి వచ్చేది. ఈ వివక్షపై నల్లజాతి రైతులు వ్యవసాయ శాఖ మీద వేసిన పిగ్‌ఫర్డ్ కేసులో 1999లో కుదిరిన రాజీతో వేలమందికి తలా 50 వేల డాలర్లు దక్కాయి. అది పోయిన పొలానికి ఏమాత్రం సాటి కాదు.

వీలునామా లేకపోతే భూమి వారసులందరి ఉమ్మడి ఆస్తి. ఒక్కరి వాటా కొన్న బయటివాడు కూడా కోర్టుకెళ్లి మొత్తం అమ్మించగలిగేవాడు.

నగరాల మీద మోజుతో అమ్ముకున్నారని చాలామంది అనుకుంటారు. వలస నిజమే, కానీ సాగు వదలనివాళ్ల పొలాలూ ఇలాగే పోయాయి.