టికెట్ కన్నా ముందు ఈటీఏ, అదీ మీ చేత్తోనే

అడిగిన ప్రశ్న ఇది: “నా పాస్‌పోర్ట్‌కి వీసా అక్కర్లేదు గానీ ముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలట. టికెట్ కొన్నాక తీరిగ్గా చేసుకోవచ్చా? ఏజెంటుకి అప్పగిస్తే మేలా?”

రెండూ వద్దు. మీరు అడిగిన ఆ ఆన్‌లైన్ అనుమతినే అమెరికా ఈస్టా అంటుంది, కెనడా, బ్రిటన్, న్యూజిలాండ్ ఈటీఏ అంటాయి. ఏదైనా సరే, ముందు అనుమతి, తర్వాతే టికెట్. ఆ ప్రభుత్వం సొంత సైట్‌లోనో యాప్‌లోనో మీరే నింపండి.

ఇది అక్కడ దిగాక అధికారి చూసే కాగితం అనుకుంటారు చాలామంది. అసలు పరీక్ష బయల్దేరే చోటే, చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే అయిపోతుంది. పాస్‌పోర్ట్‌ను రీడర్‌లో పెట్టగానే అందులోని నంబరు, పేరు, పుట్టిన తేదీ ఆ దేశపు సర్వర్‌కి వెళ్తాయి. ఎక్కించుకోవచ్చో లేదో వెంటనే జవాబు వస్తుంది. వద్దని వస్తే కౌంటర్లో ఉన్న ఉద్యోగి చేయగలిగిందేమీ లేదు, ఎక్కిస్తే జరిమానా విమాన సంస్థ నెత్తిన పడుతుంది. ఫోన్‌లో అప్రూవల్ ఈమెయిల్ చూపించి ఎంత వాదించినా లాభం ఉండదు. ఎందుకంటే ఆ అనుమతి ముడిపడి ఉన్నది మీ పేరుతో కాదు, పాస్‌పోర్ట్ నంబరుతో. పాస్‌పోర్ట్ మారిందంటే పాత ఈటీఏ చెల్లదు, దాని గడువు ఇంకా ఎంత మిగిలి ఉన్నా సరే. కుటుంబాలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. పెద్దవాళ్ళవన్నీ సవ్యంగా ఉంటాయి, పిల్లల పాస్‌పోర్ట్ మాత్రం మధ్యలో కొత్తదై ఉంటుంది, ఆ సంగతి ఎవరికీ తట్టదు. చంటిబిడ్డకైనా విడిగా తీసుకోవాల్సిందే.

ఇక ఫారం. ఫొటో పేజీలో పైన అచ్చయిన నంబరు కాదు, అడుగున ఉన్న రెండు వరుసలు చూసి నింపండి. ఒక్కో వరుసకి 44 స్థానాలు. రెండో వరుసలో మొదటి 9 స్థానాలు పాస్‌పోర్ట్ నంబరువి. పదో స్థానంలో ఉన్నది నంబరు సరిగ్గా ఉందో లేదో యంత్రం చూసుకోవడానికి పెట్టిన అంకె. దాన్ని కూడా కలిపి కొట్టేస్తే అలాంటి పాస్‌పోర్టే లేదన్నట్టు అవుతుంది. సున్నాకీ ఇంగ్లీషు ‘ఓ’కీ తేడా మరో ఉచ్చు. జర్మనీ పాస్‌పోర్ట్ నంబర్లలో ‘ఓ’ అక్షరం వాడరు, గుండ్రంగా కనిపించేది ఎప్పుడూ సున్నానే. ఈస్టాలో డబ్బు కట్టాక నంబరు దిద్దడం కుదరదు. కొత్త దరఖాస్తు, మళ్ళీ ఫీజు. బ్రిటన్ వాళ్ళ యాప్ పాస్‌పోర్ట్‌లోని చిప్పునే చదువుతుంది కాబట్టి అక్కడ యాప్ వాడటమే తెలివైన పని. ఫోన్ కవర్ తీసేసి, పాస్‌పోర్ట్ మీద ఫోన్ ఆనించి, చదవడం పూర్తయ్యేదాకా కదపకండి. న్యూజిలాండ్‌కి యాప్‌లో అయితే 17 న్యూజిలాండ్ డాలర్లు, వెబ్‌సైట్‌లో 23. దాంతోపాటు పర్యాటకుల పన్ను (లెవీ) మరో 100 ఉంటుంది.

ఏజెంట్ల మాటకొస్తే, నాకు ఒళ్ళు మండేది వాళ్ళు తీసుకునే డబ్బు గురించి మాత్రమే కాదు. కెనడా ఈటీఏ 7 కెనడా డాలర్లు, 5 ఏళ్ళు పనికొస్తుంది, దానికి పదింతలు గుంజే సైట్లు ఉన్నాయి. అంతకన్నా పెద్ద నష్టం, వాళ్ళు ప్రశ్నలన్నిటికీ “లేదు” అని టిక్కులు పెట్టేసి, సొంత ఈమెయిల్ ఇచ్చుకుంటారు. మరిన్ని పత్రాలు కావాలని ప్రభుత్వం రాస్తే ఆ ఉత్తరం మీదాకా రాదు. గతంలో అమెరికా వీసా నిరాకరించారా అని ఈస్టా అడుగుతుంది, పాత పాస్‌పోర్ట్ మీద జరిగినా “అవును” అనే చెప్పాలి. కెనడాకి తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే 5 ఏళ్ళు ప్రవేశం ఉండదు. మీ పేరు మీద మరొకరు ఇచ్చిన జవాబుకీ బాధ్యులు మీరే.

టికెట్ కన్నా ముందే ఎందుకంటే, చాలా దరఖాస్తులు నిమిషాల్లో తేలినా అన్నీ తేలవు. అమెరికా, న్యూజిలాండ్ 72 గంటలు, బ్రిటన్ 3 పనిదినాలు చేతిలో ఉంచుకోమంటాయి. బ్రిటన్ ఈటీఏ నిరాకరిస్తే అప్పీలు లేదు, వీసాకి వెళ్ళాలి. వారాలు పట్టే పని అది.

మధ్యలో విమానం మారడానికే అయినా అమెరికా, కెనడాలకి అనుమతి కావాలి. బ్రిటన్‌లోని హీత్రూ, మాంచెస్టర్ విమానాశ్రయాల్లో సరిహద్దు తనిఖీ దాటకుండా విమానం మారితే అక్కర్లేదు. కానీ రెండు వేరు టికెట్లు కొని, సామాను తీసుకుని మళ్ళీ చెక్-ఇన్ చేయాల్సి వస్తే తనిఖీ దాటినట్టే, ఈటీఏ ఉండాలి. బ్రిటన్ పౌరసత్వం కూడా ఉన్నవాళ్ళు వేరే పాస్‌పోర్ట్ మీద ఈటీఏ తీసుకోలేరు, బ్రిటన్ పాస్‌పోర్టో, అక్కడ ఉండే హక్కు ఉందని తెలిపే పత్రమో చూపాలి. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి, ఏ దేశ పాస్‌పోర్ట్ అయినా, 2022 ఏప్రిల్ 26 నుంచి కెనడా ఈటీఏ అక్కర్లేదు. చెల్లే కార్డు, పాస్‌పోర్ట్ రెండూ వెంట ఉండాలి.

ఇంకొకటి, ఈస్టా దిగే రోజుకి చెల్లితే చాలు, అక్కడున్నప్పుడు గడువు తీరినా ఇబ్బంది లేదు. మళ్ళీ ఫీజు కట్టి ముందే కొత్తది తీసుకోనక్కర్లేదు.