మ్యాట్‌ల్యాబ్‌లో డిస్ట్రిబ్యూటెడ్ ఎర్రే చేస్తే ప్రతి వర్కర్ దగ్గరా మొత్తం డేటా ఉంటుందా?

ఉండదు; ఎర్రే ముక్కలై ఒక్కో వర్కర్ (లెక్కల్లో తన వాటా చేసే విడి మ్యాట్‌ల్యాబ్ ప్రాసెస్) దగ్గర ఒక్కో ముక్క మాత్రమే ఉంటుంది, మనకు మాత్రం ఒకే ఎర్రేలా కనిపిస్తుంది.

ఒక్క కంప్యూటర్ మెమరీలో పట్టని డేటాతో లెక్కలు చేయడానికే ఈ ఏర్పాటు. మనం విడిగా చెప్పకపోతే, మామూలు మ్యాట్రిక్స్‌ను నిలువు వరుసల చొప్పున పంచుతుంది. 40,000 × 40,000 మ్యాట్రిక్స్ తీసుకోండి. ఒక్కో సంఖ్యకు 8 బైట్లు, మొత్తం 12.8 జీబీ. నాలుగు వర్కర్లుంటే ఒక్కోదానికి 10,000 నిలువు వరుసలు, అంటే 3.2 జీబీ.

జాగ్రత్త పడాల్సింది తయారుచేసే దగ్గరే. ముందు మన సెషన్‌లో మ్యాట్రిక్స్ కట్టి, ఆ తర్వాత దాన్ని డిస్ట్రిబ్యూటెడ్ ఫంక్షన్‌కు ఇస్తే, ఆ 12.8 జీబీ మొదట మన మెమరీలో పట్టాలి. పట్టకపోతే అక్కడే ఎర్రర్ వస్తుంది. అందుకే పెద్ద డేటాకు జీరోస్, ర్యాండ్ లాంటి ఫంక్షన్లలో సైజు తర్వాత కోట్స్‌లో 'డిస్ట్రిబ్యూటెడ్' అని రాయడం మేలు. అప్పుడు ప్రతి వర్కరూ తన ముక్కను తన దగ్గరే తయారుచేసుకుంటుంది.

వర్కర్లు పెరిగితే మెమరీ కూడా పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది అన్నిసార్లూ నిజం కాదు. నాలుగు వర్కర్లూ ఒకే ల్యాప్‌టాప్‌లో నడుస్తుంటే నాలుగు ముక్కలూ ఆ ఒక్క ర్యామ్‌లోనే కూర్చుంటాయి. అదనపు మెమరీ కావాలంటే వర్కర్లు క్లస్టర్‌లోని, అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపులోని, వేర్వేరు కంప్యూటర్లలో ఉండాలి. అప్పుడు కూడా చివర్లో ముక్కలన్నిటినీ ఒకచోట చేర్చే గ్యాదర్ ఫంక్షన్ వాడితే మొత్తం డేటా మళ్లీ మన మెమరీలోకే వస్తుంది, కాబట్టి దాన్ని చిన్న ఫలితాలకే వాడండి.