కల్లు తాగితే కేసు ఉండదా?

ప్రశ్న: అన్నా, మా బామ్మర్ది కాంపౌండ్‌ల రెండు సీసాల కల్లు తాగి నా బండి తీసుకపోయి భూత్పూర్ రోడ్డు మీద మేకలు తోలుకపోయే పెద్దాయనను గుద్దిండు, ఆయన కాలు విరిగింది. కల్లు మందు కాదు, కేసు నిలవదు అంటుండు. నిజమేనా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: తమ్మీ, పోలీసుల ఊదే మిషిన్‌కు కల్లు, బీరు అన్న తేడా ఏం తెల్వదు. 100 మిల్లీలీటర్ల రక్తంల 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కేసే, మొదటిసారికే 10,000 రూపాయల ఫైన్ లేదా 6 నెలల దాక జైలు, ఒక్కోసారి రెండూ. మన పాలమూరు దిక్కు కొన్ని కాంపౌండ్లల్ల కల్లుల అల్ప్రాజోలం అనే మత్తుమందు కలుపుతరని నీకు నేను చెప్పాల్నా, అది ఊదితే దొరకదు గానీ రక్తం పరీక్షల దొరుకుతది, మత్తుమందు తీసుకొని బండి అదుపు చెయ్యలేని స్థితిల నడిపినా అదే సెక్షన్. తెల్వక తాగిన అంటే స్టేషన్ల ఎవరింటరు?

అసలు భయపడాల్సింది నువ్వు. బండి నీ పేరు మీదుంది కదా, ఇన్సూరెన్స్ కంపెనీ పెద్దాయనకు ముందు కట్టి తర్వాత నీ దగ్గర వసూలు చేసుకోమని కోర్టు చెప్పొచ్చు. ముందుగాల దవాఖానకు పోయి ఆయనను చూసి రా.